టీవీ రాజకీయ హాస్యం వల్ల నాకు మిగిలింది

టీవీలో రాజకీయాల మీద, సామాజిక సమస్యల మీద జోకులు వేసే కార్యక్రమాల వల్ల నవ్వుకోవడం తప్ప ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు. అమెరికాలోని న్యూజెర్సీలో చాలాకాలంగా ఉంటున్న నాకు ఒకసారి మాత్రం కచ్చితంగా ఒరిగింది.

2016 వేసవిలో ఒక వసూళ్ల సంస్థ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మూడేళ్ల క్రితం మా అబ్బాయిని అర్ధరాత్రి జ్వరంతో ఎమర్జెన్సీకి తీసుకువెళ్లినప్పటి ఆసుపత్రి బిల్లులో 640 డాలర్లు బాకీ ఉన్నామని వారి వాదన. ఆ మొత్తం నేను అప్పుడే చెక్కు రాసి చెల్లించాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, "ఈ రోజుకు పాతిక డాలర్లు కట్టండి, మిగతాది తరువాత చూద్దాం" అని అవతలి మనిషి ఎంతో మర్యాదగా అనేవాడు. క్రెడిట్ స్కోరు పడిపోతుందంటే నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు కనుక, ఆ పాతికా పారేసి పీడ వదిలించుకుందామనే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆఫీసులో ఒక మిత్రుడు, హెచ్‌బీఓ అనే అమెరికా ఛానల్లో ఆదివారం రాత్రి వచ్చే, జాన్ ఆలివర్ అనే హాస్యగాడి కార్యక్రమంలోని ప్రధాన భాగాన్ని యూట్యూబులో చూడమన్నాడు. జూన్ 5న ప్రసారమైన ఆ భాగం పాత బాకీలను కారుచౌకగా కొని వసూలు చేసుకునే వ్యాపారం గురించినది. ఆలివర్ మిసిసిపీ రాష్ట్రంలో 50 డాలర్లతో తానే ఒక వసూళ్ల కంపెనీ పెట్టి, టెక్సస్‌కు చెందిన సుమారు 9,000 మంది వైద్య బాకీలను, దాదాపు కోటిన్నర డాలర్ల విలువైనవాటిని, 60 వేల డాలర్లకు లోపే కొన్నాడు. అంటే డాలరు బాకీకి అర సెంటు కూడా పెట్టలేదు. ఆ జనం పేర్లు, చిరునామాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లతో (అమెరికా ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) సహా ఒక హాస్యగాడి చేతికి రాగలవన్న సంగతి విని నవ్వుతూనే ఉలిక్కిపడ్డాను. చివరికి పెద్ద ఎర్ర బటన్ నొక్కి ఆ బాకీలన్నీ రద్దు చేశాడు. అవి చట్టప్రకారం కోర్టులో దావా వేసే గడువు తీరిపోయినవే గదా, ఇందులో గొప్పేముందని పెదవి విరిచినవారు ఉన్నారు, ఆ మాటలో నిజమూ ఉంది. అయితే అలాంటి బాకీకి కొద్ది మొత్తం కట్టినా చాలా రాష్ట్రాల్లో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుందని అప్పుడే తెలుసుకున్నాను. నా బాకీకి గడువు తీరలేదు కానీ, ఆ పాతిక కట్టి ఉంటే లేని బాకీని ఒప్పుకున్నట్టే అయ్యేది.

మన తెలుగు ఛానళ్లలో హాస్యమంటే ఎక్కువగా నాయకుల గొంతును, నడకను అనుకరించడమే. అది నాకూ ఇష్టమే, కానీ చూశాక ఏ కాగితం మీద ఏమి రాయాలో తెలియదు. ఆలివర్ బలం జోకు కాదు, విసుగు పుట్టించే విషయం ముందు మనల్ని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టగలగడం. దానితో చట్టాలు మారిపోతాయనుకోవడం మాత్రం అత్యాశే. 2014లో ఇంటర్నెట్ తటస్థత గురించి, అంటే ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ సమానంగా చూడాలన్న సూత్రం గురించి, ఆయన చెప్పాక ప్రజలు అమెరికాలో టెలికాం రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు అభిప్రాయాలు వెల్లువలా పంపారు, 2015లో కట్టుదిట్టమైన నిబంధనలు కూడా వచ్చాయి; ప్రభుత్వం మారాక 2017 డిసెంబరులో అదే కమిషన్ వాటిని ఎత్తివేసింది.

నా విషయానికి వస్తే, ఆ వీడియో చూశాక నేనే చట్టం వెతికి చదివాను. వసూళ్ల సంస్థ ఉత్తరం అందిన 30 రోజులలోగా బాకీకి రుజువు చూపమని రాతపూర్వకంగా అడిగే హక్కు 1977 నాటి ఫెడరల్ చట్టంలోనే ఉంది. బ్యాంకు వెబ్‌సైటులో పాత చెక్కు నకలు దొరికింది, దానిని జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు రాలేదు, ఫోన్లు ఆగిపోయాయి. అదే బాకీని మరొకరికి అమ్మి ఉంటారేమోనన్న అనుమానంతో ఆ చెక్కు నకలును, పోస్టు రసీదును ఇప్పటికీ పాస్‌పోర్టుల ఫైలులోనే ఉంచాను.