ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: పక్షవాతంతో మా అత్తగారికి ఎడమవైపు పడిపోయింది. పగలు అటెండెంట్ ఉంటుంది, రాత్రంతా నేనే. ఆఫీసులో కునికిపాట్లు పడుతున్నాను. ఇంట్లో ఉద్యోగం మానేయమంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రాజీనామా మాట ఇప్పుడే ఎత్తకండమ్మా. జీతంతోపాటు ఆఫీసు ఆరోగ్య బీమా కూడా పోతుంది. మేనేజరుకు "ఇంట్లో ఇబ్బంది" అని చెబితే సానుభూతి తప్ప ఏమీ రాదు. మూడు నెలలపాటు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని కావాలని, తేదీలు వేసి మెయిల్ పెట్టండి.

అసలు అలసట రాత్రిదే. ఆమెను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు. పడిపోయిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు జారొచ్చు. భుజం, తుంటి కింద చేతులు పెట్టి తిప్పండి. నడుము కింద, మడమల దగ్గర రోజూ చూడండి. వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. అన్నం నిటారుగా కూర్చోబెట్టి పెట్టి, అరగంట అలాగే ఉంచాలి. పొలమారితే ఆపేసి డాక్టరుకు చెప్పండి. వేళలన్నీ అటెండెంట్ చేత నోటుబుక్కులో రాయించండి.

రాత్రిని రెండు భాగాలు చేసి ఒకటి మీవారికి అప్పగించండి. కన్నతల్లి సేవ ఆయన బాధ్యత కూడా. పన్ను మినహాయింపూ ఆయనకే వస్తుంది, కోడలికి రాదు: వైకల్య ధ్రువపత్రంలో 40 శాతం లేదా ఎక్కువ ఉంటే పాత పన్ను విధానంలో ఆయన పన్ను కట్టాల్సిన ఆదాయంలోంచి రూ.75,000, 80 శాతం లేదా ఎక్కువ ఉంటే రూ.1,25,000 తీసేస్తారు.