తాళం తీసే సరదా: బంప్ కీ కొనాలా, పిక్కులు కొనాలా?

పోయిన నెల ఈ శీర్షికలో తుప్పు పట్టిన తాళంకప్పని ఎలా బాగుచేసుకోవాలో రాశాను కదా, చివర్లో నాకు తాళాలు పిక్ చేసే, అంటే చెవి లేకుండా సన్నటి పనిముట్లతో తీసే అలవాటుందని ఒక్క ముక్క అన్నా, అంతే, వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. అందుకే ఈ నెల పేజీ మొత్తం తాళాలకే.

ప్రశ్న: అన్నా, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. లాక్ పికింగ్ వీడియోలు చూసి బాగా ఇంట్రెస్ట్ వచ్చింది. ఆన్‌లైన్‌లో ముప్పై పీసుల పిక్ సెట్లున్నాయి, బంప్ కీ అయితే ఇంకా ఈజీ, ఒక్క దెబ్బకి వచ్చేస్తుంది అంటున్నారు. ఏది కొనమంటావు? బంప్ కీ అయితే సుత్తి ఎలాంటిది తీసుకోవాలి?
- ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ముప్పై పీసుల సంగతి. వద్దు. అందులో నువ్వు రోజూ చేతిలోకి తీసుకునేవి రెండో మూడో, మిగతావి డబ్బాలోనే పడుంటాయి, పైగా చవక సెట్లలో రేకు మెత్తగా ఉండి పిన్ను గట్టిగా ఉన్నచోట వంగిపోతుంది. కొస వంగిన పిక్కు, అంటే హుక్, పొట్టిది ఒకటి, కాస్త పొడుగుది ఇంకో హుక్, చెవి సందులో పెట్టి తిప్పడానికి రెండు సైజుల టెన్షన్ రెంచ్‌లు, ఇవి చాలు నీకు ఆరు నెలలు. హుక్ మందం 0.6 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉండాలి, చెవి దూరే సందు మరీ ఇరుకైతే 0.4 దగ్గర్లోది.

నేను చాలాకాలం సొంతంగా చేసుకున్నవే వాడాను. హ్యాక్సా బ్లేడు మందం కూడా ఇంచుమించు 0.6 మిల్లీమీటర్లే, దాన్ని గ్రైండర్ మీద కొంచెం కొంచెం అరగదీస్తూ మాటిమాటికీ నీళ్లలో ముంచాలి, అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఉక్కు టెంపర్ పోయినట్టే, ఆ ముక్క పక్కనపడేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆఖర్న ఎమరీ పేపర్‌తో వేలు పెడితే జారిపోయేంత నున్నగా రుద్దాలి, గరుకుగా ఉంటే లోపల పిన్ను కదలిక వేలిదాకా రాదు. టెన్షన్ రెంచ్‌కైతే పాత కారు వైపర్ బ్లేడు రబ్బర్‌లో ఉండే సన్నటి స్టీలు పట్టీ బంగారం లాంటిది, మెకానిక్‌ని అడిగితే ఊరికే ఇచ్చేస్తాడు.

మిగిలిన డబ్బు తాళాల మీద పెట్టు. గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లు, లేదంటే ఆదివారం ఎర్రగడ్డ సంతకి, పాత తాళాలు, తలుపు తాళంలో చెవి దూరే సిలిండర్లు బేరమాడితే తక్కువలో వస్తాయి, చెవి లేనివైతే ఇంకా తక్కువ. అద్దంలా లోపలంతా కనిపించే ప్రాక్టీస్ తాళం నాలుగు రోజులకి మంచిదే, ఏ పిన్ను ఎక్కడుందో అర్థమవుతుంది, కానీ కళ్లు చూస్తున్నంతసేపూ వేళ్లు నేర్చుకోవు, తొందరగా దాన్ని పక్కన పెట్టెయ్.

ఇక బంప్ కీ. పిన్ తాళంలో ఒక్కో గుంతలో రెండు పిన్నులు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, కిందది కీ పిన్, పైది డ్రైవర్ పిన్, దానిపైన స్ప్రింగ్. సరైన చెవి పెడితే రెండింటి మధ్య అతుకు సరిగ్గా ప్లగ్, అంటే చెవితో పాటు తిరిగే లోపలి భాగం, దాని అంచు దగ్గరికొస్తుంది, ప్లగ్ తిరుగుతుంది. అమెరికాలో యేల్ తండ్రీకొడుకులు 19వ శతాబ్దంలో మనదాకా తెచ్చిన తాళం ఇదే. బంప్ కీ అంటే తాళంలో పెట్టి బయటినుంచి కొట్టే ప్రత్యేకమైన చెవి, అది చేసేదేంటంటే కింద పిన్నుల్ని ఒక్కసారి కొడుతుంది, క్యారమ్స్‌లో వరుసగా అంటుకున్న కాయిన్స్‌లో మొదటిదాన్ని కొడితే చివరిది ఎగిరినట్టు, పై పిన్నులు మాత్రమే ఎగురుతాయి, రెప్పపాటు అన్ని అతుకులూ ఖాళీ అవుతాయి. ఇది కొత్త సంగతేం కాదు, ఇలాంటి చెవికి అమెరికాలో 1928లోనే పేటెంట్ ఉంది, 2005లో నెదర్లాండ్స్‌లో పికింగ్ క్లబ్బువాళ్లు దీనిమీద వివరంగా రాశాక ప్రపంచమంతా తెలిసింది.

మరి కొనమంటానా? కొనొద్దంటాను. సుత్తి గురించి కూడా చెప్పను. ఒక్కో కంపెనీ చెవి సందుకి ఒక్కో బంప్ కీ కావాలి, కొట్టీ కొట్టీ తాళం ముందు భాగం నొక్కుకుపోతుంది, పిన్నులు అరుగుతాయి, వంద తాళాలు తీసినా నీ వేలికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. నువ్వు ఇష్టపడ్డది ఆ లోపలి సంగతి తెలుసుకోవడాన్నే కదా! గుంతలు ఎంత మిషన్ మీద వేసినా వెంట్రుకవాసి అటూఇటూ ఉంటాయి, అందుకే రెంచ్ మీద సున్నితంగా వేలు ఆనిస్తే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఒక్కటే బిగుసుకుంటుంది. మిగతావి స్ప్రింగ్ మీద ఊగుతుంటాయి, అదొక్కటి మొండికేస్తుంది. దాన్ని హుక్‌తో నెమ్మదిగా లేపితే చిన్న టిక్ మని వేలికి తెలుస్తుంది, ప్లగ్ దారమంత కదులుతుంది, ఇప్పుడు ఇంకో పిన్ను బిగుసుకుంటుంది. పికింగ్ అంటే మొత్తం ఇదే, ఈ ఒక్క ముక్క వేలికి పట్టించుకోవడానికి నాకు దాదాపు నెల పట్టింది.

రెండు మాటలు మాత్రం గట్టిగా పెట్టుకో. నీది కాని తాళం ముట్టకు, హాస్టల్లో ఫ్రెండు కప్‌బోర్డు తాళమైనా వాడు ఎదురుగా ఉండి తియ్యరా అంటే తప్ప వద్దు. ఇంటి దొంగతనం కేసుల్లో దూరడానికి తాళం తీయడం కూడా చట్టం లెక్కలో గోడ పగలగొట్టడంతో సమానమే, భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంది. రెండోది, వాడకంలో ఉన్న తాళం మీద ప్రాక్టీస్ చెయ్యకు. నేను మా ఇంటి ముందు తలుపు సిలిండర్ మీద చేశాను, ఒక స్ప్రింగ్ నలిగి పిన్ను మధ్యలో ఇరుక్కుంది, రాత్రి పదిన్నరకి సొంత చెవి కూడా తిరగలేదు, చంటిపిల్లాడితో మా ఆవిడ మెట్లమీద కూర్చుంది. ఆ రోజు నుంచి తలుపు తాళం జోలికి పోలేదు.

ప్రశ్న: బేగంబజార్‌లో కొన్న తాళంకప్ప మీద 7 లివర్స్ అని ఉంది. ఎంత ప్రయత్నించినా హుక్‌కి పిన్నులే తగలట్లేదు. నాలో లోపమా?
- పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీలో లోపమేం లేదండి, అందులో పిన్నులే ఉండవు. మన దేశంలో వాడే తాళంకప్పల్లో చాలావరకు లివర్ తాళాలే, అలీగఢ్ నుంచి వచ్చేవాటిలో కూడా ఇవి బోలెడు. లోపల పలకల్లాంటి లివర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి, చెవి ఒక్కోదాన్ని సరిగ్గా దానికి కావాల్సినంతే లేపితే అన్నింటిలోని గాడులూ ఒక వరుసలోకొచ్చి బోల్టు జరుగుతుంది. కొన్నప్పుడే చెవి చూడండి, ఒక అంచున కొండలూ లోయల్లా వంపులుంటే పిన్ తాళం, మెట్లలా చదరంగా కోసి ఉంటే మామూలుగా లివర్. లివర్‌కి పనిముట్లే వేరు, మొదలుపెట్టేవాళ్లకి అది కాదు. ఇందాకటి తమ్ముడికి చెప్పిన బంప్ కీ కూడా దీనిమీద పనిచేయదు, లివర్ ఒక్కటే ముక్క, విడిపోయి ఎగరడానికి రెండో ముక్క ఉండదు కదా.

ప్రశ్న: మియాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. మెయిన్ డోర్‌కి బిల్డర్ పెట్టించిన కంప్యూటర్ కీ తాళం ఉంది. దాన్ని కూడా కొట్టి తెరుస్తారని మా అబ్బాయి భయపెడుతున్నాడు. మార్చాలా?
- ఒక గృహిణి

జవాబు: అమ్మా, కంప్యూటర్ కీ అని షాపువాళ్లు అంటారు గానీ అందులో కంప్యూటర్ లేదు, చెవి పలక మీద గుంటలు గుంటలుగా తొలిచి ఉంటుంది, లోపల మళ్లీ పిన్నులే. కాబట్టి అబ్బాయి చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కానీ దొంగ తలుపు దగ్గర నిలబడి ఆలోచించేది అదొక్కటే కాదు, చాలాచోట్ల వాడికి గడ్డపార చాలు, గొళ్లెం ఊడొస్తుంది, చెక్క చీలుతుంది. అందుకే ముందు తలుపు చట్రంలో బోల్టు దూరే స్ట్రైక్ ప్లేట్ చూడండి, అర అంగుళం స్క్రూలతో ఉంటే విప్పించి గోడదాకా దిగే పొడుగు స్క్రూలు వేయించండి, అది కార్పెంటర్‌కి పావుగంట పని.

తర్వాత సిలిండర్. మార్చేటప్పుడు యాంటీ బంప్, యాంటీ డ్రిల్ అని రాసి ఉన్నది అడగండి, పిన్నులు దారపుకండెలా నడుం సన్నగా ఉండే స్పూల్ రకమైతే పికింగ్‌కి కూడా కష్టం. డిస్క్ రకం దొరికితే ఇంకా నయం, ఫిన్లాండ్‌లో 1907లో కనిపెట్టిన పద్ధతి అది, తిరిగే బిళ్లలు తప్ప ఎగిరే పిన్నులూ స్ప్రింగులూ లేవు, కాబట్టి కొట్టి లాభం లేదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులకి వెళ్లేటప్పుడు పాత సిలిండర్ విప్పి చేతిలో పట్టుకెళ్లండి, పొడవు కుదరక రెండోసారి తిరగాల్సిన పనుండదు. ఇంకో మాట, ఫ్లాట్ చేతికొచ్చేలోపు ఆ చెవులు ఎంతమంది చేతులు మారాయో మీకు తెలియదు, ఒక్క ఈ కారణానికైనా సిలిండర్ మార్చమంటాను.

ప్రశ్న: మూడు వారాలుగా ఒక్క తాళం మీదే కూర్చున్నా. ప్లగ్ కాస్త తిరిగి ఆగిపోతుంది, తర్వాత ఎంత చేసినా కదలదు. వదిలేయమంటారా?
- పాఠకుడు, నాచారం

జవాబు: వదలకండి, మీరు దాదాపు తీసేశారు. ప్లగ్ అంత తిరిగి ఆగిందంటే లోపల స్పూల్ పిన్నుంది, దాని సన్నటి నడుం దగ్గర ప్లగ్ అంచు ఇరుక్కుంది, దీన్ని ఫాల్స్ సెట్ అంటారు. ఇప్పుడు రెంచ్ మీద ఒత్తిడి ఇంకొంచెం తగ్గించి ఒక్కో పిన్నునీ మెల్లగా నొక్కుతూ రండి, ఏదో ఒకదాని దగ్గర రెంచ్ మీ వేలిని వెనక్కి తోస్తుంది. అదే ఆ పిన్ను. వెనక్కి తోస్తుంటే భయపడి బిగపట్టకండి, తోయనివ్వండి, హుక్ మాత్రం తీయకుండా ఇంకాస్త లేపండి. ముందు సెట్ అయినవి ఒకటో రెండో జారిపోతాయి, పోనివ్వండి, మళ్లీ పెట్టుకోవచ్చు.

మూడు వారాలు ఎక్కువేం కాదు. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళం ఒకటి షాపు కిటికీలో పెట్టి, తీసినవాళ్లకి 200 గినీలు ఇస్తామని బోర్డు పెట్టింది, దశాబ్దాల పాటు ఎవరివల్లా కాలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికన్ వచ్చి కూర్చున్నాడు, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది ఆయనకి, తాళాలే వృత్తిగా బతికిన మనిషికి. మీరు ఇవాళ రాత్రి ఒక పని చేయండి, లైటు తీసేసి కూర్చోండి, రెంచ్‌ని బొటనవేలితో కాకుండా చూపుడువేలి కొసతో, కాగితం పేజీ తిప్పేంత బరువుతో పట్టుకోండి. తెరుచుకున్నాక ఏ పిన్ను దగ్గర ఆగిందో నాకు రాయండి.