తవ్వకాల గుంట, మ్యూజియం బీరువా

ప్రశ్న: పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ మ్యూజియంలకు కూడా అధిపతిగా పనిచేశారని విన్నాను. ఈ రెండు పనులకూ పొంతన ఎలా కుదిరింది?

జవాబు: 1890లో జన్మించిన వీలర్ 1924లో వేల్స్ జాతీయ మ్యూజియానికి డైరెక్టరయ్యారు. 1926లో లండన్ మ్యూజియం బాధ్యత స్వీకరించి, దానిని నడుపుతూనే ఇంగ్లండ్‌లోని ప్రాచీన స్థలాలైన వెరులామియం, మెయిడెన్ కాజిల్‌ల వద్ద తవ్వకాలు జరిపించారు. ఆ తవ్వకాల్లో ఆయన భార్య టెస్సా కృషి ఎంతో ఉంది. ఆమె పేరు ఎత్తకుండా వీలర్ గురించి చెప్పడం న్యాయం కాదు.

మీ ప్రశ్నకు అసలైన జవాబు మన దేశంలోనే దొరుకుతుంది. 1944లో భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన ఆయనకు మద్రాసు మ్యూజియం బీరువాలో ఒక కూజా మెడ ముక్క కనిపించింది. అది రోమన్లు ద్రాక్షసారా నింపి పంపే ఆంఫొరాదని గుర్తుపట్టి, దాని జాడ పట్టుకుని పుదుచ్చేరి దగ్గరి అరికమేడు చేరి, 1945లో అక్కడ తవ్వకాలు చేపట్టారు. నేలను చదరపు గుంటలుగా విభజించి, వాటి మధ్య మట్టిగట్లను కదపకుండా ఉంచడం ఆయన పద్ధతి. గట్టు నిలువు ముఖంలో పొరలు ఒకదానిపై ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి కనుక ఏ పెంకు ఏ పొరలోదో తేల్చవచ్చు. ఇటలీలో తయారైన, కాలం తెలిసిన ఎర్రని పాత్రల పెంకులు స్థానిక కుండపెంకులతో కలిసి దొరకడంతో దక్షిణ భారత చరిత్రకు గట్టి కాలనిర్ణయం లభించింది. బీరువాలోని ఆ ముక్కను ఎవరో అంతకుముందే భద్రపరచి ఉండకపోతే ఆయన దృష్టి అటు మళ్లేది కాదేమో.

1948లో ఆ పదవి వీడిన తరువాత పాకిస్తాన్ ప్రభుత్వానికి సలహాదారుగా ఉండి, 1950లో కరాచీలో జాతీయ మ్యూజియం ఏర్పాటుకు తోడ్పడ్డారు.