కిడ్నీ రాయి ఆపరేషన్ బిల్లులో ఒకే పనికి మూడు కోడ్‌లు: కట్టాలా?

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. ఎడమ కిడ్నీలో రాయిని లేజర్‌తో పగలగొట్టి స్టెంట్ (మూత్రం పారేందుకు సన్నని గొట్టం) పెట్టారు. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లోనే ఉన్న సర్జన్ బిల్లులో 52356, 52353, 52332 అనే బిల్లింగ్ కోడ్‌లు మూడూ ఉన్నాయి. ఆసుపత్రి బిల్లులో డిస్పోజబుల్ స్కోప్ పేరిట సీ1747 అదనం. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) నుంచి కట్టేయమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఈఓబీ (చెల్లింపుల వివరణ పత్రం) వచ్చిందో లేదో చూడండి. అందులో మీ వాటాగా చూపిన మొత్తానికి మించి నెట్‌వర్క్‌లోని సర్జన్ అడగకూడదు.

మీ బిల్లులో తేడా సర్జన్ వైపే కనిపిస్తోంది. యురెటెరోస్కోప్ (మూత్రనాళంలోకి పంపే సన్నని కెమెరా గొట్టం) పంపి, రాయిని పగలగొట్టి, అదే పక్క డబుల్-జే స్టెంట్ పెడితే అన్నిటికీ కలిపి 52356 ఒక్కటే. 2014లో ఈ కోడ్ తెచ్చిందే అందుకు. స్టెంట్ లేకుండా పగలగొడితే 52353, స్టెంట్ మాత్రమే పెడితే 52332. కుడి పక్కన కూడా స్టెంట్ పెట్టి ఉంటే, ఆర్‌టీ మోడిఫయర్‌తో (కుడి పక్క అని చెప్పే, కోడ్‌కి తగిలించే గుర్తు) 52332 వేయడం సబబే. మీది ఎడమ పక్క ఒక్కటే కాబట్టి అది చెల్లదు. ఆ లైన్ల మీద 59 మోడిఫయర్ (ఇది విడి పని అని చెప్పే గుర్తు) ఉందేమో చూడండి. కలిసిపోవాల్సిన కోడ్‌లు కంప్యూటర్ తనిఖీని దాటేసేది ఎక్కువగా దాని చలవతోనే!

ఆపరేషన్ రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. లేజర్ వాడకుండా రాయిని బాస్కెట్‌తో (చిన్న తీగ బుట్ట) లాగేశారని ఉంటే లెక్క మారుతుంది: అప్పుడు 52352, దానితో పాటు స్టెంట్‌కి 52332.

సీ1747 మాత్రం ఉన్నంత మాత్రాన తప్పు కాదు. ఒకసారి వాడి పారేసే స్కోప్‌కి 2023 జనవరి నుంచి ఉన్న కోడ్ అది, ఆసుపత్రి వేసుకునేది. సర్జన్ బిల్లులో కనిపిస్తే తప్పు. దానికి విడిగా డబ్బు వస్తుందా, ఆపరేషన్ రేటులోనే కలిసిపోతుందా అనేది ఆసుపత్రికి, మీ ఇన్సూరెన్స్‌కి మధ్య ఉన్న ఒప్పందం తేలుస్తుంది. రిపోర్టులో మళ్లీ వాడే స్కోప్ అని రాసి ఉంటే ఆ లైన్ తీసేయమనండి.

ఇక సర్జన్ బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఖాతాను హోల్డ్‌లో పెట్టించండి. "ఎడమ పక్క 52356లో 52353, 52332 కలిసి ఉన్నాయి, సరిచేసిన క్లెయిమ్ పంపండి" అని రాతపూర్వకంగా అడగండి. ఆ లైన్లను ఇన్సూరెన్స్ ఇప్పటికే తిరస్కరించి ఉంటే, సర్జన్ మాఫీ చేసుకోవాలే తప్ప మీ మీదికి నెట్టకూడదు. ఈఓబీలో వాటిని మీ వాటా కిందే చూపిస్తే ఇన్సూరెన్స్‌కి అప్పీలు చేయండి, నోటీసు అందిన 180 రోజుల్లోగా.

బిల్లు మొత్తం తేలాకే హెచ్‌ఎస్‌ఏ సొమ్ము తీయండి. ముందే కట్టి రీఫండ్ వస్తే, దాన్ని తిరిగి ఖాతాలో వేయడం పెద్ద తలనొప్పి. చేతి డబ్బుతో కట్టి, రసీదు దాచుకుని ఎన్నేళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు, ఖర్చు నాటికి ఖాతా తెరిచి ఉంటే చాలు.

స్టెంట్ ఇంకా లోపలే ఉంటే, తీసేటప్పుడు 52310 వస్తుంది. దారం పట్టి లాగేస్తే మాత్రం ఆ కోడ్ వేయకూడదు, సిస్టోస్కోప్ (మూత్రాశయంలోకి పంపే కెమెరా గొట్టం) వాడలేదు కదా.