హ్యారీ పాటర్ అయిపోయింది, తర్వాత పిల్లలూ పెద్దలూ కలిసి చదువుకునే ఫాంటసీ సిరీస్ ఏది?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ పూర్తి చేసింది కాబట్టి తర్వాత ఏం ఇవ్వాలన్నది ఒకటి. నలభై దాటిన మీరు తనతోపాటు చదివితే మీకు అందులో ఏమైనా దొరుకుతుందా అన్నది రెండోది. రెండిటికీ నా జవాబు ఒకటే: ఉర్సులా లెగ్విన్ రాసిన 'ఎర్త్‌సీ'. మా అన్నయ్య కూతురూ నేనూ కలిసి చదివాం కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి తర్వాత.

ముందు ఒక మాట. ఫాంటసీ మన ఇళ్లకి ఇంగ్లీషు పుస్తకాలతో వచ్చిందేమీ కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క' మొదలుపెట్టి, ఆ తర్వాత 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' అంటూ సీరియల్ మీద సీరియల్ రాశారు. వాటి మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. మా తాతగారింట్లో బైండు చేయించి దాచిన పాత చందమామల్లో నేను ఇవన్నీ చదివాను. చిత్రా గారు గీసిన ఆ కోటలూ, కొండగుహలూ, వింత జంతువులూ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటాయి. ప్రతి నెలా సరిగ్గా ప్రాణం మీదికొచ్చే చోట ఆపేసేవారు. ఆ వేగం, ఆ ఊహ ప్రపంచంలో ఏ సాహస కథకీ తీసిపోవని నా అభిప్రాయం. మీ అమ్మాయికి తెలుగు చదవడం బాగా వస్తే అవి కూడా తప్పకుండా ఇవ్వండి.

అయితే ఆ సీరియల్స్‌లో వీరుడు మొదటి పేజీలో ఎలా ఉంటాడో ఆఖరి పేజీలోనూ దాదాపు అలాగే ఉంటాడు. ధైర్యవంతుడు, తెలివైనవాడు. ఆపద ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. పదేళ్ల వయసులో నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది. పద్నాలుగేళ్లొచ్చాక అది చాలదు. ఎందుకంటే ఆ వయసు పిల్లల గొడవలన్నీ లోపలే ఉంటాయి: కోపం, పంతం, నలుగురిలో చిన్నబోతామేమో అన్న భయం. ఎర్త్‌సీ మొదటి పుస్తకం, 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', సరిగ్గా అక్కడ మొదలవుతుంది. ఒక ప్రచురణకర్త టీనేజీ పిల్లల కోసం ఏదైనా రాయమని అడిగితే లెగ్విన్ రాసిన పుస్తకం ఇది. 1968లో వచ్చింది.

కథ గెడ్ అనే కుర్రాడిది. గాంట్ అనే కొండల ద్వీపంలో మేకలు కాసుకునే పిల్లవాడు. మంత్రవిద్యలో పుట్టుకతోనే గొప్ప శక్తి ఉంది, దానితోపాటు అంతే గర్వమూ ఉంది. ఒగియన్ అనే గురువు నిదానంగా, మౌనంగా నేర్పించాలని చూస్తే ఓపిక పట్టలేక రోక్ ద్వీపంలోని మాంత్రికుల బడికి వెళ్లిపోతాడు. అక్కడ జాస్పర్ అనే పెద్దింటి కుర్రాడు మాటిమాటికీ ఎత్తిపొడుస్తుంటాడు. వాడి ముందు తన శక్తి చూపించాలన్న పంతంతో గెడ్ చనిపోయినవాళ్ల ఆత్మను పిలుస్తాడు. దానితోపాటు ఒక నల్లటి నీడ కూడా ఈ లోకంలోకి వచ్చేస్తుంది. ఆ దారిని మూసేయడానికి బడిలోని ప్రధాన మాంత్రికుడు తన ప్రాణమే ఇచ్చేస్తాడు. గెడ్ ముఖం మీద మచ్చ మిగులుతుంది. ఆ నీడ అతన్ని వెంటాడుతూనే ఉంటుంది. చివరికి పారిపోవడం మానేసి వెనక్కి తిరిగి దాన్నే వెతుక్కుంటూ వెళ్లమని ఒగియన్ చెప్తాడు. ఆ వేట ఎలా ముగుస్తుందో నేను చెప్పను. ఆ చివరి అధ్యాయం మీరిద్దరూ విడివిడిగా, ఎవరూ ఏమీ చెప్పకుండా చదవాలి.

మా మేనకోడలు జాస్పర్ ఘట్టం దగ్గర ఆగిపోయింది. "అత్తా, వాడు ఎగతాళి చేస్తే వీడు పట్టించుకోకుండా ఉండొచ్చు కదా, ఎందుకంత రెచ్చిపోయాడు?" అని అడిగింది. నువ్వైతే ఏం చేసేదానివి అన్నాను. కాసేపు ఆలోచించి, వాళ్ల క్లాసు వాట్సాప్ గ్రూపులో జరుగుతున్న ఒక గొడవంతా చెప్పుకొచ్చింది. వాళ్లమ్మకీ నాన్నకీ తెలియని గొడవ. పిల్లతో కూర్చుని "స్కూల్లో ఏమైనా టెన్షన్ ఉందా" అని సూటిగా అడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. గెడ్ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి తన గురించి చెప్పడం తేలికైంది. నేను నీతులేమీ చెప్పలేదు, విన్నానంతే. పిల్లలతో కలిసి చదవడంలో నాకు దొరికిన అతిపెద్ద లాభం ఇదే.

ఇక మీకేం దొరుకుతుందన్న ప్రశ్నకి వస్తాను. లెగ్విన్ ఈ సిరీస్ ఒక్క ఊపులో రాయలేదు. మొదటి పుస్తకం తర్వాత 1971లో 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్', 1972లో 'ది ఫార్దెస్ట్ షోర్' వచ్చాయి. ఆ తర్వాత 18 ఏళ్లు ఆగి, 1990లో 'తెహాను' రాసింది. 2001లో 'టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ', 'ది అదర్ విండ్' వచ్చాయి. అంటే మొదటి పుస్తకానికీ చివరిదానికీ మధ్య 33 ఏళ్లు. రచయిత్రితోపాటు ఆ లోకమూ పెద్దదైంది, అందులోని మనుషులూ పెద్దవాళ్లయ్యారు.

రెండో పుస్తకంలో టెనార్ అనే అమ్మాయి కనిపిస్తుంది. పసిపిల్లగా ఉండగానే ఇంటినుంచి తీసుకొచ్చి, పేరు కూడా తీసేసి, చీకటి దేవతలకు పూజారిణిని చేస్తారు. సమాధుల కింద ఉన్న చిక్కుదారుల్లో చీకట్లో చేత్తో తడుముకుంటూ నడవడం ఆమెకి వచ్చిన విద్య. తనకి అధికారం ఉందని అందరూ అంటారు, కానీ గడప దాటి వెళ్లే స్వేచ్ఛ లేదు. మా మేనకోడలికి అన్నిటికన్నా నచ్చిన పుస్తకం ఇది. అదే టెనార్ 'తెహాను'లో భర్త పోయిన నడివయసు రైతు స్త్రీగా వస్తుంది. పెద్ద మాంత్రికుల దగ్గర విద్య నేర్చుకునే అవకాశం ఉన్నా వద్దనుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, మేకల్నీ పొలాన్నీ చూసుకుంటూ బతికిన మనిషి. ఒళ్లు కాలిన ఒక చిన్నపిల్లని చేరదీస్తుంది. గెడ్ తిరిగొస్తాడు, కానీ అతనిలో మంత్రశక్తి అంతా అయిపోయింది. చేసే పనే తన గుర్తింపు అనుకున్న మగవాడు ఆ పని పోయాక ఎలా బతకాలి? ఇంటి చాకిరీలో గడిచిన ఆడదాని జీవితానికి విలువ కట్టేదెవరు? డ్రాగన్లున్న పుస్తకంలో ఈ ప్రశ్నలు ఎదురవుతాయని నేను అనుకోలేదు. రిటైరయ్యాక మా నాన్న ఇంట్లో తోచక తిరిగిన రోజులు గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మా మేనకోడలికి 'తెహాను' విసుగనిపించింది. సగంలో పక్కన పెట్టేసింది, నేను బలవంతం చేయలేదు. పెద్దయ్యాక తనే తీస్తుందని నా నమ్మకం. అందులో పసిపిల్ల మీద జరిగిన దారుణం ఉంది కాబట్టి అది మాత్రం ముందు మీరు చదివి, ఇవ్వాలో ఆగాలో చూసుకోండి.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. గెడ్‌ది ఎర్రటి గోధుమవన్నె చాయ, అతని స్నేహితుడు వెచ్ నల్లనివాడు. 1968లో ఇంగ్లీషు ఫాంటసీలో ఇది అరుదు. మన పిల్లలు చదివే పుస్తకాల్లో తెల్లగా ఉన్నవాళ్లే వీరులైతే ఏం నేర్చుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఎర్త్‌సీ నిదానంగా నడుస్తుంది, అది ముందే తెలియాలి. హ్యారీ పాటర్‌లాగా మాటకు మాటా, నవ్వులూ తక్కువ. భాష చక్కగా, పొదుపుగా ఉంటుంది. పుస్తకాలు మరీ లావు కావు కాబట్టి గట్టెక్కడం కష్టం కాదు. మీ అమ్మాయికి నవ్వులు కావాలంటే టెర్రీ ప్రాచెట్ రాసిన టిఫనీ ఏకింగ్ పుస్తకాలు ఐదు ఉన్నాయి. మొదటిది 'ది వీ ఫ్రీ మెన్', 2003లో వచ్చింది. తమ్ముణ్ణి ఎత్తుకుపోయిన రాణి మీదికి పెనం పట్టుకుని వెళ్లే తొమ్మిదేళ్ల పిల్ల కథ. అందులో జానెడు పొడవు కూడా లేని నీలం మనుషులు స్కాట్లాండ్ యాసలో మాట్లాడతారు. అది మొదట్లో కొరుకుడు పడదు, పైకి చదివితే అర్థమవుతుంది. ఫిలిప్ పుల్‌మన్ 'హిజ్ డార్క్ మెటీరియల్స్' మూడు పుస్తకాలూ గొప్పవే. అందులో ప్రతి మనిషి ఆత్మా జంతువు రూపంలో పక్కనే తిరుగుతుంటుంది. పిల్లల ఆత్మ రూపాలు మారుస్తూ ఉంటుంది, పెద్దవుతున్నకొద్దీ ఒక రూపంలో స్థిరపడిపోతుంది. ఎదిగే వయసు గురించి ఇంతకన్నా మంచి ఊహ నేనెక్కడా చూడలేదు. మూడో పుస్తకం మతం గురించీ చావు గురించీ చాలా లోతుకి వెళ్తుంది. అది పదో తరగతి తర్వాతైతే బాగుంటుంది.

ఫాంటసీ అని రాసి ఉన్నదల్లా పిల్లలకి ఇచ్చేయకండి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పుస్తకాలు పూర్తిగా పెద్దవాళ్లవి. పైగా ఐదోది 2011లో వచ్చింది, ఆరోది ఇంకా రాలేదు. పూర్తయిన సిరీస్‌నే ఎంచుకోండి.

కలిసి చదవడం అంటే పక్కపక్కన కూర్చుని చదవక్కర్లేదు. మేం చెరొక కాపీ పెట్టుకున్నాం, వారానికి ఇన్ని అధ్యాయాలని కూడా పెట్టుకోలేదు. తను ఎప్పుడూ నాకన్నా ముందుండేది. ఒకటే నియమం: ముందున్నవాళ్లు కథ చెప్పకూడదు. చదివిన తర్వాత "ఏం అర్థమైంది" అని ప్రశ్నలు మాత్రం వేయకండి, అది మళ్లీ స్కూలే అవుతుంది. పుస్తకం ముందున్న మ్యాపు ఒకటి జిరాక్స్ తీయించి గోడకి అంటించండి. ఎర్త్‌సీ అంతా సముద్రంలో చెదిరిన ద్వీపాలే. గెడ్ పడవ ఎటు పోతోందో పెన్సిల్‌తో గీసుకుంటూ పోతే మీ ఇంట్లో పుస్తకం ముట్టుకోని వాళ్లు కూడా వచ్చి అడుగుతారు. మా అన్నయ్య అలాగే వచ్చాడు, ఇప్పుడు మూడో పుస్తకంలో ఉన్నాడు.

ఆరు పుస్తకాలూ కలిపి, చార్ల్స్ వెస్ బొమ్మలతో 2018లో ఒకే సంపుటంగా వచ్చింది. చాలా అందమైన పుస్తకం, కానీ బరువు. పడుకుని చదువుకునే పిల్లలకి విడి పుస్తకమే నయం. మొదటిది ఒక్కటి కొని చూడండి, వరుస మాత్రం మార్చకండి.