రక్తం ఎప్పుడు ఎక్కించిన్రో అడుగు, బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి లెక్క వంగే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) మీద పరిశోధనకు సీటొచ్చిందని, ఉట్నూరు దిక్కు గూడేలల్ల తిరుగుతవని మీ అమ్మ చెప్పింది. ఎంత సంబురమైందో అంత గుబులు కూడా పట్టుకున్నది.

రక్తం తీసుడు నీకు కొత్తగాదు. ఊదారంగు మూత ట్యూబుల 2 మిల్లీలీటర్లు తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యి. ట్యూబు ఐసుకు తాకకుండా మధ్యల గుడ్డ పెట్టు. గడ్డకట్టి కరిగితే ఎర్రకణాలు పగులుతయి.

సాల్యుబిలిటీ టెస్టుల ద్రావణం మసకబారి వెనకున్న నల్లగీతలు కనబడకపోతే ఈ జబ్బుకు మూలమైన హిమోగ్లోబిన్ ఎస్ ఉన్నట్టు. ఒక్క జన్యువే మారి, జబ్బు లేకుండ మోసే ట్రెయిటా, అసలు జబ్బా అన్నది అది చెప్పదు. ఆరు నెలల లోపు పిల్లలల్ల, రక్తం మరీ తక్కువున్నోళ్లల్ల ఉన్నదాన్ని లేనట్టు చూపిస్తది.

నా భయం వేరేది. ఏడేండ్ల పిలగాడు అనుకో. కండ్లు పచ్చగున్నయి, ఎముకల నొప్పులని ఏడుస్తడు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ గ్రాఫుల మామూలు హిమోగ్లోబిన్ ఎ 55 శాతం, ఎస్ 35 శాతం. చూడంగనే ట్రెయిట్ అనిపిస్తది, అదే రాసిస్తరు. కానీ మూడు వారాల కింద ఆ పిలగానికి రక్తం ఎక్కించిన్రు. గ్రాఫుల కనబడే ఎ అంతా దాతది, వాని సొంతది చుక్క లేదు, అంటే వానికున్నది జబ్బే. మా తరం చేసిన తప్పులల్ల నన్ను ఇప్పటికీ కుదురుగ ఉండనియ్యనిది ఇదే. ట్రెయిట్ అని కాగితమున్న పిలగానికి ఈ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా మందు ఎవరు మొదలుపెడతరు? జ్వరమొస్తే దవాఖానకు ఎవరు ఉరుకుతరు? తల్లిదండ్రులిద్దరూ వాహకులేనని, ప్రతి కాన్పుల జబ్బు పిల్ల పుట్టే అవకాశం 25 శాతమని వాళ్లకు తెల్వనే తెల్వదు. నీ పట్టికల కూడా తప్పే ఎక్కుతది.

ఉత్త ట్రెయిట్‌కు రక్తం ఎక్కించే అవసరమే రాదు. హిమోగ్లోబిన్ 7 ఉండి, గ్రాఫుల ఎ, ఎస్ రెండూ కనబడితే ఆగు, రక్తం ఎక్కించిన్రేమో అడుగు. ఎక్కించకుండనే ఎ కంటే ఎస్ ఎక్కువుంటే బీటా తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగ తయారుగాని ఇంకో వారసత్వ జబ్బు) జతగూడిందేమో చూడు. ఎక్కించి ఉంటే, ఎర్రకణం బతికేది 120 రోజులు కాబట్టి, ఎక్కించినకాడి నుంచి నాలుగు నెలలాగి మళ్లా పరీక్ష చెయ్యి. ఆగే వీలు లేకుంటే అమ్మానాయినలిద్దరి రక్తం అదేరోజు తీసుకో, పిలగానిది డీఎన్‌ఏకు పంపు. బీటా గ్లోబిన్ జన్యువుల ఆరో కోడాన్ (మూడక్షరాల ముక్క) జీఏజీ నుంచి జీటీజీ అయిందా లేదా, జత రెండింటిలోనా అన్నది తేలిపోతది.

"రక్తం ఎక్కించిన్రా" అని ఒక్కసారి అడిగి ఊకోకు. సంచి ఎర్రగుండెనా, తెల్లగుండెనా అని అడుగు. సెలైన్‌ను కూడా రక్తమే అనుకునేటోళ్లుంటరు. తేదీ గుర్తులేకపోతే పొలాల పండుగకు ముందా, నాగోబా జాతర తర్వాతనా అంటే చెప్తరు. గోండి తెలిసిన పెద్దమనిషిని తోడు తీసుకపో. పిల్లలతోని తర్జుమా చేయించకు.

ఫలితాలు చెట్టుకింద పేర్లు పిలిచి చదివితే మాత్రం నేనూకోను. ట్రెయిట్ జబ్బుగాదు, కానీ ఆ మాట నలుగుట్ల పడితే ఆడపిల్ల సంబంధం చెడిపోతది. ఇంటికాడ కూసొని, ఆ మనిషికే చెప్పు.

పేపర్ల కోసం ఉరకకు. చంద్రాపూర్‌ల ఈ జబ్బులకే దేశ వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్ కేంద్రం ఉన్నది, ఒకసారి పోయి వాళ్ల పద్ధతి చూసిరా.

దోమతెర పెట్టుకో, పైలం. దసరాకు వచ్చేటప్పుడు అనుమానమున్న గ్రాఫులన్నీ పట్టుకరా, ఇద్దరం కూసొని చూద్దాం.

మీ పెద్దబాపు