టెక్ సందేహాలు: ఎనభై శాతం దగ్గర తెగే డౌన్‌లోడ్

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే ఇస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరమే కావాల్సిన చోట విడిగా చెబుతాను. అక్కడ తేడా వస్తే పని చెడుతుంది.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వాడుతున్నాను. కొత్త వెర్షన్ ఫైలు దాదాపు 6 జీబీ. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి బ్రౌజర్‌లో దించుతుంటే ఎనభై శాతం దగ్గర ఫెయిల్డ్ అంటోంది. ఇప్పటికి మూడు సార్లు మొదటికొచ్చింది. వేరే దారి ఉందా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

మూడు సార్లు అంటే 14 జీబీ పైమాటే. ఆ డేటాతో రెండు ఉబుంటులు వచ్చేవి తమ్ముడూ!

దారి నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాని పేరు డబ్ల్యూగెట్. వరల్డ్ వైడ్ వెబ్‌లోని డబ్ల్యూకి ‘గెట్’ కలిపి పెట్టిన పేరు. క్రొయేషియాకు చెందిన హ్ర్వోయె నిక్షిచ్ రాసిన ఈ ప్రోగ్రామ్ 1996 జనవరిలో ‘గెట్‌యూఆర్ఎల్’ అనే పేరుతో బయటికొచ్చి, అదే ఏడాది నవంబరులో డబ్ల్యూగెట్‌గా మారింది. అది డయలప్ మోడెమ్‌ల కాలం. ఎవరైనా ఫోన్ ఎత్తితే నెట్ తెగిపోయేది. తెగడం మామూలే అనుకుని కట్టిన పనిముట్టు కాబట్టే మన హాట్‌స్పాట్‌లకు ఇప్పటికీ సరిగ్గా అతుకుతుంది. బటన్లు, బొమ్మలు ఏమీ ఉండవు. నల్ల తెర మీద ఒక్క లైను కొట్టడమే.

ఆ నల్ల తెరే టెర్మినల్. అది తెరిచి డబ్ల్యూగెట్ అని కొట్టు. ఒక ఖాళీ వదిలి హైఫన్ సి, మళ్లీ ఖాళీ వదిలి డబుల్ కోట్స్ మధ్య ఫైలు లింకు పెట్టి ఎంటర్ నొక్కు. కోట్స్ ఎందుకంటే, చాలా లింకుల మధ్యలో ‘అండ్’ గుర్తు ఉంటుంది. కోట్స్ లేకపోతే టెర్మినల్ ఆ గుర్తు దగ్గర లింకును రెండుగా తెగ్గొట్టి, సగం లింకుతోనే బయల్దేరుతుంది. నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే కారణం.

హైఫన్ సి ఏం చేస్తుందో చెబుతాను. కళ్లంలో పుట్టి వడ్లు బస్తాలకెత్తి లారీలో వేస్తున్నారనుకో. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఏడో బస్తా దగ్గర వాన పడి పని ఆగింది. మర్నాడు ఎవరైనా ఆ ఏడు బస్తాలూ దించి మళ్లీ ఒకటి నుంచి ఎత్తుతారా? బ్రౌజర్ నీకు చేసింది అదే. డబ్ల్యూగెట్ మాత్రం ముందు లారీలో ఎన్ని బస్తాలున్నాయో చూసుకుని, ‘ఎనిమిదో బస్తా నుంచి ఇవ్వండి’ అని సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే తెర మీద 206 అనే అంకె కనిపిస్తుంది. ఆగిన ఫైలును మళ్లీ అందుకునేటప్పుడు 200 కనిపిస్తే ఆ సర్వర్ ముక్కలుగా ఇవ్వదని, ఫైలు మొత్తం మొదటి నుంచీ పంపుతోందని అర్థం. అలాంటి సర్వర్ దగ్గర ఏ పనిముట్టూ ఏమీ చేయలేదు. ఉబుంటు సర్వర్లు ముక్కలుగా ఇస్తాయి కాబట్టి నీకు ఆ బెంగ లేదు.

లైను మధ్యలో తెగితే డబ్ల్యూగెట్ తనంతట తానే 20 సార్లు ప్రయత్నిస్తుంది. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. లైను పూర్తిగా తెగకుండా డేటా మాత్రం రావడం ఆగిపోతే, అది 900 సెకన్లు, అంటే పావుగంట ఓపిగ్గా కూర్చుంటుంది. మన సిగ్నళ్లకు అంత ఓపిక పనికిరాదు. కమాండ్‌లో హైఫన్ పెద్ద టి, ఖాళీ, 30 అని చేర్చు. అరనిమిషం చూసి మళ్లీ తలుపు తడుతుంది. హైఫన్ చిన్న టి, ఖాళీ, సున్నా అని కూడా చేర్చితే 20తో ఆగకుండా ప్రయత్నిస్తూనే ఉంటుంది. హాట్‌స్పాట్ మొత్తంగా ఆరిపోతే మాత్రం సర్వర్ చిరునామా దొరక్క అదీ చేతులెత్తేస్తుంది. అప్పుడు నెట్ వచ్చాక పై బాణం నొక్కితే పాత కమాండ్ కనిపిస్తుంది. ఎంటర్ కొడితే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ అయినా ఇలా మూడు నాలుగు రోజుల్లో దించుకోవచ్చు. హైఫన్ సి మరిచిపోతే మాత్రం పేరు చివర ‘డాట్ 1’ తగిలించుకున్న కొత్త ఫైలు మొదలవుతుంది. అది కనబడగానే కంట్రోల్ సి కొట్టి ఆపెయ్.

ఇంకో చిట్కా. క్రోమ్‌లో డౌన్‌లోడ్ ఆగిన ఫైలు ఇంకా ఫోల్డర్‌లో ఉంటే, దాని పేరు చివర ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అని ఉంటుంది. క్యాన్సిల్ కొట్టకముందే దానికి ఒక కాపీ తీసి, కాపీ పేరును అసలు ఫైలు పేరుగా మార్చి, అదే ఫోల్డర్‌లో హైఫన్ సి కమాండ్ ఇస్తే చాలాసార్లు ఆ ముక్క వృథా పోకుండా కలిసొస్తుంది. చాలాసార్లు అన్నాను, ప్రతిసారీ అనలేదు. అందుకే చివర్లో ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ అని కొట్టి, ఖాళీ వదిలి ఫైలు పేరు ఇవ్వు. పొడవాటి అంకె ఒకటి వస్తుంది. ఉబుంటు వాళ్లు డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చే అంకెతో అది అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. సరిపోకపోతే ఆ ఫైలు ఇన్‌స్టాల్ చేయొద్దు.

ప్రశ్న: విండోస్ 10లో పవర్‌షెల్ తెరిచి డబ్ల్యూగెట్ హైఫన్ సి అని కొడితే అన్నీ ఎర్రక్షరాలు వస్తున్నాయి. ‘సి’ అస్పష్టంగా ఉందంటోంది. ఏం తప్పు చేశాను?
– జిరాక్స్ సెంటర్ నిర్వాహకుడు, ఒంగోలు

మీ తప్పేం లేదండి. బోర్డు మీద పేరు ఒకరిది, కొట్లో కూర్చున్నది ఇంకొకరు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో డబ్ల్యూగెట్ అనేది ‘ఇన్‌వోక్ వెబ్‌రిక్వెస్ట్’ అనే మైక్రోసాఫ్ట్ సొంత కమాండ్‌కు పెట్టిన ముద్దుపేరు మాత్రమే. అసలు డబ్ల్యూగెట్ ఆప్షన్లు దానికి తెలియవు. ‘సి’తో మొదలయ్యే ఆప్షన్లు దానికి నాలుగైదు ఉన్నాయి, అందుకే ఏ ‘సి’ అని అడుగుతోంది. డబ్ల్యూగెట్ లాగే ఫైళ్లు దించే కర్ల్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, అక్కడ ఆ పేరు కొట్టినా ఇదే తంతు.

మీ కంప్యూటర్‌లో అసలు కర్ల్ కూడా ఉంది. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి నడిపిస్తున్న ప్రోగ్రామ్ ఇది. 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి విండోస్ 10లోనే కలిపి ఇస్తున్నారు. పవర్‌షెల్ మూసేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. కర్ల్, ఖాళీ, హైఫన్ పెద్ద ఎల్, ఖాళీ, హైఫన్ పెద్ద ఓ, ఖాళీ, హైఫన్ పెద్ద సి, ఖాళీ, ఒక ఒంటరి హైఫన్, ఖాళీ, కోట్స్‌లో లింకు. ఆ ఒంటరి హైఫన్‌ను చాలామంది అచ్చుతప్పు అనుకుని వదిలేస్తారు. ఎక్కడి నుంచి అందుకోవాలో నువ్వే లెక్కేసుకో అని చెప్పేది అదే. పెద్ద ఎల్ లేకపోతే, లింకు ఇంకో చిరునామాకు మళ్లించినప్పుడు కర్ల్ దాని వెంట వెళ్లదు. మీకు రెండు మూడు కేబీల పనికిరాని ఫైలు మిగులుతుంది. పవర్‌షెల్‌లోనే చేస్తానంటే పేరు చివర ‘డాట్ ఈఎక్స్ఈ’ చేర్చి పిలవండి, అప్పుడు అసలు మనిషి పలుకుతాడు.

ప్రశ్న: రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా డేటా లెక్కలోకి రాని ప్యాక్ ఉంది. చెరువు దగ్గర ఏరేటర్లు చూసుకుంటూ నిద్ర ఎటూ ఉండదు కానీ, కంప్యూటర్ ముందు కూర్చోలేను. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంది.
– రొయ్యల రైతు, అల్లూరు

రాత్రి పది గంటలకు ఈ లైను కొట్టి వెళ్లండి: స్లీప్, ఖాళీ, 2హెచ్, సెమీకోలన్, ఖాళీ, టైమౌట్, ఖాళీ, 6హెచ్, ఖాళీ, ఆ తర్వాత పైన కావలి తమ్ముడికి చెప్పిన డబ్ల్యూగెట్ కమాండ్. రెండు గంటలు ఊరుకుని, 12కు మొదలుపెట్టి, 6కు దానంతట అదే ఆగుతుంది. మిగిలింది మర్నాటి రాత్రికి. కమాండ్‌లో స్లీప్ ఉందని ల్యాప్‌టాప్‌ను నిద్రపోనివ్వకండి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సస్పెండ్ తీసేసి, ఛార్జర్ పెట్టి, మూత తెరిచే ఉంచండి.

ప్రశ్న: ఒక సైటులో పాఠాల పీడీఎఫ్‌లు వందకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ నొక్కి దించాలంటే విసుగొస్తోంది.
– ఉపాధ్యాయురాలు, ఆత్మకూరు

డబ్ల్యూగెట్, హైఫన్ ఆర్, హైఫన్ ఎన్‌పీ, హైఫన్ పెద్ద ఎ, పీడీఎఫ్, హైఫన్ డబ్ల్యూ, 2, చివర ఆ పీడీఎఫ్‌లున్న పేజీ లింకు. మాట మాటకీ మధ్య ఖాళీ ఉండాలి. ఆర్ అంటే పేజీలోని లింకుల వెంట వెళ్లమని. పెద్ద ఎ పక్కన పీడీఎఫ్ అంటే అవి మాత్రమే ఉంచుకోమని. డబ్ల్యూ 2 అంటే ఫైలుకీ ఫైలుకీ మధ్య రెండు సెకన్లు ఆగమని. అవతలిది కూడా ఎవరో నడుపుకొనే సర్వరే కదా, మీద పడి లాక్కోకూడదు.

ఎన్‌పీ గురించి నా అనుభవం చెబుతాను. ‘పై ఫోల్డర్‌కు వెళ్లొద్దు’ అని దాని అర్థం. ఒకసారి ఒక కాలేజీ సైటులో నోట్సు కోసం ఆ రెండక్షరాలు మరిచిపోయి కమాండ్ ఇచ్చి, కారందోశ తినడానికి బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి పరీక్షల టైంటేబుళ్లు, టెండరు నోటీసులు, హాస్టల్ మెస్ మెనూ సహా అన్నీ నా డిస్కులో ఉన్నాయి. నాకు కావాల్సిన నోట్సు తప్ప! ఎన్‌పీ పెట్టినప్పుడు లింకు చివరి ఫోల్డర్ పేరు తర్వాత స్లాష్ ఉండేలా చూసుకోండి మేడం, అది లేకపోతే ఒక మెట్టు పైనుంచి మొదలవుతుంది. బటన్ నొక్కితే గానీ జాబితా కనిపించని సైట్లలో ఈ పద్ధతి పనిచేయదు. డబ్ల్యూగెట్‌కు జావాస్క్రిప్ట్ నడపడం రాదు.

ప్రశ్న: యూట్యూబ్ లింకు ఇస్తే వీడియో వస్తుందా?
– సింగరాయకొండ

రాదు. వీడియో ఉన్న పేజీ మాత్రమే వస్తుంది.

ప్రశ్న: క్వారీ ఆఫీసులో లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్ ఉంది. ఏ లింకు ఇచ్చినా డబ్ల్యూగెట్ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తోంది. ‘నో చెక్ సర్టిఫికెట్’ తగిలిస్తే పోతుందని స్నేహితుడు చెప్పాడు.
– అకౌంటెంట్, చీమకుర్తి

ఎర్రర్ పోతుంది, దాంతో పాటు రక్షణ కూడా పోతుంది. అవతల ఉన్నది అసలు సైటేనా అని చూసుకునే తనిఖీనే అది తీసేస్తుంది. ముందు స్క్రీన్ మూలన తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. ఇవాళ్టి సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు, అందుకే ఒప్పుకోదు. చాలా బోర్డులకు సరిపోయేది సీఆర్ 2032 సెల్, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. మార్చి తేదీ సరిచేయండి. అయినా అదే ఎర్రర్ వస్తే, ‘సీఏ సర్టిఫికెట్స్’ అనే ప్యాకేజీని అప్‌డేట్ చేసి చూడండి. అప్పటికీ కుదరకపోతే తెర మీది ఎర్రర్‌ను ఫొటో తీసి పంపండి, తేదీ కూడా కనిపించేలా.